తుపాకి గొట్టం మీది ఏడాది, తయారైన ఏడాది ఒకటి కావు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేవి. అందుకే ఈ వైపు తెలుగు కుటుంబాల్లో తాతలనాటి పిస్తోలుతో పాటు మద్రాసు ప్రభుత్వ ముద్ర ఉన్న లైసెన్సు బయటపడితే ఆశ్చర్యం లేదు. అయితే ఆ కాగితం మీది తేదీ ఆయుధం ఇంటికి వచ్చిన కాలాన్నే చెబుతుంది. అది ఎప్పుడు తయారైందో లోహం మీదే వెతకాలి.

ఈ వెతుకులాట అవసరం 2019లో పెరిగింది. ఆ ఏడాది డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక్కొక్కరి దగ్గర ఉండదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించారు. ఏది ఉంచుకోవాలి, ఏది అప్పగించాలి అని తేల్చుకోవడానికి ముందు చేతిలో ఉన్నదేమిటో తెలియాలి. ఇక్కడే ఒక అపోహ అడ్డొస్తుంది: వందేళ్ళు దాటిన దానికి లైసెన్సు అక్కర్లేదని. అది తప్పు. 1959 చట్టం 45వ సెక్షన్ పాత రకం ఆయుధాలకు, పురాతన విలువ ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ బాగుచేసినా సరే తుపాకిగా పనికిరానివాటికే అది వర్తిస్తుంది. 1916లో చేసిన వెబ్లీ (ఇంగ్లండు కంపెనీ రివాల్వరు) ఇవాళ్టికీ పేలుతుంది కాబట్టి వయసు దాన్ని కాపాడదు. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చెయ్యకుండా పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చెయ్యాలి. గుర్తులు చూడటం ఆ తరవాత, డీలరు సమక్షంలో.

ముందు ఖాళీగా ఉందో లేదో చూడాలి. వెబ్లీ లాంటి విరుపు రివాల్వర్లలో సిలిండర్ వెనక ఎడమ పక్కన మీట ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే ఆరు గదులూ కనిపిస్తాయి. కీలు తుప్పుతో బిగిసి ఉంటే బలవంతం చెయ్యకూడదు. ఖాళీ తుపాకి ట్రిగ్గరు నొక్కి చూడటం మంచిది కాదు, పాత హేమరు ముక్కు విరుగుతుంది. మూతి నుంచి మందు దట్టించే పాత పిస్తోలైతే ఇంకా జాగ్రత్త. దట్టించి మరిచిపోయిన మందు దశాబ్దాల తరవాత కూడా అంటుకుంటుంది. సన్నటి కర్రపుల్లను మూతిలోకి ఆగేదాకా దించి, మూతి దగ్గర గీత పెట్టాలి. అదే పుల్లను బయట గొట్టం పక్కన పెట్టి కొలవాలి. పుల్ల నిప్పు అందుకొనే రంధ్రం దాకా చేరకుండా అంగుళం, రెండంగుళాల ముందే ఆగిందంటే లోపల మందూ గుండూ ఉన్నట్టే అనుకోవాలి.

తేదీ చెప్పడంలో అందరూ చేసే పొరపాటు పేటెంటు సంవత్సరాన్ని తయారీ సంవత్సరంగా చదవడం. 1873లో మొదలైన అమెరికా రివాల్వరు కోల్ట్ సింగిల్ యాక్షన్ మీద 1871, 1872, 1875 పేటెంటు తేదీలు ఉంటాయి. 1910లో చేసిన దాని మీద కూడా అవే. అందుకని ఆ ఏళ్ళు చెప్పేది ఒక్కటే: ఆయుధం వాటికి ముందుది కాదు.

వెబ్లీ విషయంలో పని సులువు. బ్రిటిష్ సైన్యం మార్క్ 1ను 1887లో, మార్క్ 4ను 1899లో, మార్క్ 5ను 1913లో, మార్క్ 6ను 1915లో తీసుకుంది. అన్నీ .455 బోరువే. మార్కు అంకె గొట్టం పైపట్టీ మీద కనిపిస్తుంది. అది అరిగిపోతే పిడి చూడాలి: మార్క్ 5 దాకా పిడి అడుగు పిట్ట ముక్కులా వంగి ఉంటుంది, మార్క్ 6కు చదరంగా ఉంటుంది. తరవాత గొట్టం కొలవాలి. మార్క్ 6కు 6 అంగుళాలు, అంటే 152 మిల్లీమీటర్లు. మార్క్ 4కు 4 అంగుళాలు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు మార్క్ 6 ఫ్రేమ్ మీద కొట్టిన ఏడాది నిజంగా తయారీ ఏడాదే. మార్క్ 6 ఫ్రేమ్ మీద ఎన్‌ఫీల్డ్ పేరుంటే అది 1921 నుంచి 1926 మధ్యది, ఎందుకంటే ఆ ఏళ్ళలో మార్క్ 6ను ఎన్‌ఫీల్డ్‌లోని బ్రిటిష్ ప్రభుత్వ కర్మాగారం చేసింది. మామూలు జనానికి అమ్మిన వాటిపై కంపెనీ పేరే గడియారం. పి.వెబ్లీ అండ్ సన్ అని ఉంటే 1897కు ముందుది. వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీ అంటే 1897–1906. ఒట్టి వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్ అంటే ఆ తరవాతది. పట్టీ మీద కలకత్తా పేరు, ఉదాహరణకు రోడ్డా, చెక్కి ఉంటే అది అమ్మిన కొట్టు పేరు కావచ్చు, చేసినవాడి పేరని తొందరపడకూడదు.

చిన్న రివాల్వరు, .38 బోరు, 5 అంగుళాల గొట్టం అయితే ఎన్‌ఫీల్డ్ నెం.2 అయ్యే అవకాశం ఎక్కువ. అది 1932లో వచ్చింది. హేమరుకు వేలు ఆనించే కొమ్ము లేకపోతే 1938 మార్పు తరవాతది, లేదా తరవాత అలా మార్చినది.

బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు చిహ్నం. దాని కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాల మొనలు ఎదురెదురుగా తగులుతుంటే సర్కారు దాన్ని అమ్మేసిందని అర్థం. అంతకు ముందు ఈస్టిండియా కంపెనీ పాలన నాటి పిస్తోళ్ళ మీద 1808 దాకా హృదయాకారపు మూట గుర్తు, ఆ తరవాత కిరీటం పట్టుకున్న సింహం ఉంటాయి. పేలుడు ఒత్తిడికి తట్టుకుంటుందని పరీక్షించి కొట్టే ముద్రల్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌ది బాగా ఉపయోగపడుతుంది. 1904 దాకా అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, ఆ ఏడాది నుంచి కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అక్షరాలు. ఎన్‌పీ అంటే పొగరాని మందుకు పరీక్షించారని. అది లేని పాత సిలిండర్‌లో ఇప్పటి తూటా పెడితే ఒత్తిడికి చీలిపోవచ్చు. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ ఉంటే బెల్జియంలోని లియేజ్ సరుకు. పైన కిరీటం ఉంటే 1893 తరవాతది. అవి వెబ్లీ వారి పొట్టి గొట్టపు బుల్‌డాగ్ రకాన్ని అనుకరించి చేసిన చవక నకళ్ళు కావచ్చు. వాయవ్య సరిహద్దు కొండల్లో చేసిన నకిలీలను అక్షరాలే పట్టిస్తాయి: తిరగబడిన ఎన్, పేరులో తప్పులు, వరుస తప్పిన అంకెలు.

పోగొట్టుకుంటే తిరిగి రానిది ఈ గుర్తులే. బ్రాసో పెట్టి తోమినా, గరగర కాగితం పట్టినా, బఫింగ్ చక్రానికి ఇచ్చినా అంచులు కరిగిపోతాయి. మళ్ళీ నీలిరంగు పూసిన ఆయుధాన్ని గుర్తించడమూ ఇలాగే: అక్షరాల అంచులు మెత్తబడి ఉంటాయి, గుంతల లోపలకు కూడా రంగు దిగి ఉంటుంది, మర మేకుల గాట్లు చిట్లి ఉంటాయి. పొడి నూలు గుడ్డ, చుక్క తుపాకి నూనె చాలు. గుర్తు చదవాలంటే తెల్ల సుద్దను అందులోకి మెత్తగా రుద్ది, టార్చిని పక్క నుంచి వేసి ఫొటో తియ్యాలి. గోపాల్‌పూర్ ఒడ్డు గాలిలో తోలు సంచి పనికిరాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దానిలోని ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఫ్రేమ్, గొట్టం, సిలిండర్ల మీది నంబర్లు కలుస్తున్నాయో లేదో కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం గుర్తింపు ముద్రను చెరపడం, మార్చడం నేరం. తయారీదారు పేరూ నంబరూ లేని తుపాకిని అమ్మడానికీ వీల్లేదు.