బీపీ మిషన్ ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి

ఆటో దిగి, రెండో అంతస్తుకి మెట్లెక్కి, టోకెన్ ఎప్పుడొస్తుందా అని టెన్షన్ పడి, లోపలికి వెళ్లగానే చెయ్యి చాపి, పట్టీ బిగుస్తుండగానే "ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టట్లేదండీ" అని మొదలుపెడతాం. అప్పుడొచ్చిన అంకెనే మన బీపీ అనుకుని ఇంటికొస్తాం. కానీ రక్తపోటు రోజంతా ఒకేలా ఉండదు. నిద్రలో తగ్గుతుంది, పొద్దున లేచాక పెరుగుతుంది, మాట్లాడితే పెరుగుతుంది, మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. కొంతమందికి డాక్టరు ముందు మాత్రమే ఎక్కువ చూపిస్తుంది. ఇంకొంతమందికి దీనికి తలకిందులు, ఆసుపత్రిలో 120/80, ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎక్కువ. నన్నడిగితే భయపడాల్సింది ఈ రెండో రకానికే, వాళ్లని ఎవరూ పట్టించుకోరు, వాళ్లూ పట్టించుకోరు. తలనొప్పో కళ్లు తిరగడమో వస్తేనే బీపీ అనుకుంటాం గానీ, చాలామందిలో అది ఏ గుర్తూ లేకుండా ఏళ్ల తరబడి గుండెనీ కిడ్నీలనీ మెదడు రక్తనాళాలనీ దెబ్బతీస్తూ పోతుంది.

అందుకే ఇంట్లో ఒక మిషన్ ఉండటం మంచిది, అది ఎలా లెక్కేస్తుందో తెలిస్తే ఇంకా మంచిది. 18వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతగురువు గుర్రం ధమనికి గాజు గొట్టం తగిలించి చూస్తే రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకింది. మనుషుల మీద ఆ పద్ధతి కుదరదు కదా. ఇటలీలో రివా-రొచ్చి 1896లో చేతికి కట్టే పట్టీ తెచ్చాడు, 1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ స్టెతస్కోపుతో చప్పుళ్లు విని పై అంకె, కింద అంకె పట్టుకోవచ్చని చూపించాడు. మన ఇళ్లలో వాడే డిజిటల్ మిషన్ చప్పుళ్లు వినదు. నాడి కొట్టుకునేటప్పుడు పట్టీలోని గాలిలో వచ్చే చిన్న చిన్న కదలికలను పట్టుకుని లెక్క కడుతుంది. కాబట్టి చెయ్యి కదిపినా, కబుర్లు చెప్పినా లెక్క తప్పుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లలో కూడా దాన్ని పూర్తిగా నమ్మలేం.

చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి (ఫోన్ పక్కన పెట్టండి, బంధువుల వాట్సాప్ గ్రూపు అయితే మరీనూ). చొక్కా చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే కట్టిన పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. దీని వెనక ఉన్నది మామూలు ఫిజిక్సే, పట్టీ గుండెకంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె దాదాపు 8 పాయింట్లు ఎక్కువొస్తుంది. పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, అలా ఒక వారం రాసుకుని, మొదటి రోజువి వదిలేసి మిగతావాటికి సగటు తీయండి. అది 135/85కి చేరినా దాటినా డాక్టరుకి చూపించాల్సిందే (ఆసుపత్రిలో చూస్తే ఆ హద్దు 140/90). 180/120 దాటి, ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో ఉంటే మాత్రం సగటులూ కాగితాలూ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది, టీస్పూను కంటే కొంచెం తక్కువ, అదీ కూరా చారూ పచ్చడీ అన్నీ కలిపి. "అన్నంలో పైన ఉప్పు వేసుకోవడం మానేశానండీ" అంటారు, నిజమే, కానీ ముద్దపప్పులోకి ఆవకాయ, పప్పుచారులోకి అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ, సాయంత్రం టీతో మిక్చర్ ఉండనే ఉన్నాయి. సైంధవ లవణం వాడుతున్నాం కదా అంటే, అందులో ఉండేదీ ఎక్కువభాగం అదే సోడియం క్లోరైడ్. ఆ సోడియం ఒంట్లో నీళ్లు పట్టి ఉంచుతుంది, నాళాల్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, ఒత్తిడీ పెరుగుతుంది. కొత్తావకాయ మానెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు. అది తిన్న పూట కూరలో ఉప్పు తగ్గించండి, అంతే.

తగ్గించడమే కాదు, కలుపుకోవాల్సినవీ ఉన్నాయి. 1997లో అమెరికాలో బీపీ మీద తిండి ప్రభావం గురించి జరిగిన డాష్ అనే పరిశోధనలో ఉప్పు మార్చకుండానే కూరగాయలు, పళ్లు, వెన్న తీసిన పాలు పెంచి, కొవ్వు తగ్గిస్తే బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 11 పాయింట్లు తగ్గింది. ఇందులో పొటాషియం పాత్ర కూడా ఉందంటారు, అది మనకి తోటకూరలో, కందిపప్పులో, అరటిపండులో దొరుకుతుంది. చైనా పల్లెల్లో ఉప్పులో కొంతభాగం పొటాషియం క్లోరైడ్ కలిపి ఇస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా ఆ ఉప్పు కొనొద్దు.

నడక, బరువు గురించి అందరూ చెప్పేదే, వారానికి 150 నిమిషాల చురుకైన నడక, తగ్గిన ప్రతి కిలోకీ సుమారు ఒక పాయింటు. ఎవరూ చెప్పనిది మోకాళ్ల నొప్పుల మాత్రల గురించి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనినీ తగ్గిస్తాయి. గ్యాస్‌కి నీళ్లలో వేసుకు తాగే పొంగే పొడుల్లోనూ సోడియమే. వీటి పేర్లు కూడా రాసుకెళ్లి డాక్టరుకి చెప్పండి, అంకెలు బాగున్నాయి కదా అని బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అవి బాగున్నది ఆ మాత్ర వల్లే కావచ్చు.