రేసు ముగిశాక కొలిచే ఎత్తు: డేటోనా ట్రక్కు రేసుల్లో అనర్హత వేటు వెనుక చరిత్ర

2025 ఫిబ్రవరి 14 రాత్రి అమెరికాలోని డేటోనా ఇంటర్నేషనల్ స్పీడ్‌వేలో, అక్కడి కార్ రేసుల సంస్థ నాస్కార్ నడిపే ట్రక్ సిరీస్ ఆ ఏడాది తొలి రేసు ముగిసేసరికి పార్కర్ క్లిగర్మన్ నడిపిన 75వ నంబరు ట్రక్కు అందరికన్నా ముందుంది. విజేత సంబరాలూ అయిపోయాయి. ఆ తర్వాత తనిఖీలో ట్రక్కు వెనుక భాగం నిబంధనల్లో ఉన్న కనీస ఎత్తు కన్నా కిందికి ఉందని తేలింది. గెలుపు రద్దయింది, క్లిగర్మన్ జాబితాలో చివరికి పడిపోయాడు, రెండో స్థానంలో వచ్చిన కోరీ హైమ్ విజేతగా నమోదయ్యాడు. క్లిగర్మన్ జట్టు హెండర్సన్ మోటార్‌స్పోర్ట్స్ అప్పీలుకు వెళ్లింది. అప్పీళ్ల ప్యానెల్ వేటును సమర్థించింది.

బయటినుంచి చూస్తే ఇది చిన్న తప్పుకు పెద్ద శిక్ష. ఇంజన్‌లో మోసం లేదు, ఇంధనంలో కల్తీ లేదు. వెనుక భాగం కాస్త దిగింది, అంతే. కానీ సూపర్‌స్పీడ్‌వే (డేటోనా లాంటి పొడవైన, అతి వేగమైన ట్రాకు) మీద ట్రక్కు వేగాన్ని వెనుక ఎత్తు ఎంతగా మారుస్తుందో తెలిసినవాళ్లు దీన్ని చిన్న తప్పు అనరు. ఈ వేటు వెనుక ఏడు దశాబ్దాలు దాటిన వాదన ఒకటి ఉంది. రేసు ట్రాక్ మీద ముగుస్తుందా, తనిఖీ గదిలో ముగుస్తుందా అన్నదే ఆ వాదన.

ట్రాక్ ఇచ్చేది, ఇంజన్ ఇవ్వనిది

ముందుగా ఒక మాట. ఈ ట్రక్కులు సరుకు మోసే లారీలు కావు. రేసు కారుకుండే గొట్టాల చట్రం మీద పికప్ ఆకారపు బాడీ తొడిగిన యంత్రాలు. వెనుక తొట్టిని పైనుంచి బల్లపరుపుగా మూసేస్తారు. దాని చివర, తలుపు అంచున, గాలిని అడ్డుకుని వెనుక టైర్లకు పట్టు ఇచ్చే పలక, స్పాయిలర్, నిటారుగా నిలబడుతుంది. కారుతో పోలిస్తే ముందు భాగం ఎత్తు, క్యాబిన్ నిటారు. అందుకే గాలికి ఎక్కువ అడ్డుపడతాయి, వెనుక వచ్చే వాహనానికి అంతే పెద్ద గాలి నీడనూ, అంటే గాలి తక్కువగా తగిలే చోటునూ ఇస్తాయి.

డేటోనా 1959లో మొదలైంది. చుట్టు పొడవు 2.5 మైళ్లు, అంటే సుమారు 4 కిలోమీటర్లు. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీలు వాలుగా లేచి ఉంటుంది. అలబామాలోని టల్లడేగా 1969లో వచ్చింది, పొడవు 2.66 మైళ్లు, వాలు 33 డిగ్రీలు. ఇంత వాలు ఉన్నప్పుడు మలుపులో యాక్సిలరేటర్ వదలాల్సిన పని దాదాపు ఉండదు. బ్రేకుతో పని పిట్‌లోకి వచ్చేటప్పుడే.

అలాంటి చోట వేగానికి హద్దు పెట్టక తప్పని రోజు 1987 మేలో వచ్చింది. టల్లడేగాలో బిల్ ఇలియట్ క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ఎక్కడ నుంచి మొదలవ్వాలో తేల్చే పరుగులో) గంటకు 212.809 మైళ్లు, అంటే 342 కిలోమీటర్లు దాటించాడు. అదే రేసులో బాబీ ఆలిసన్ కారు టైరు పేలి గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. 1988 నుంచి ఈ రెండు ట్రాకుల మీద రెస్ట్రిక్టర్ ప్లేటు తప్పనిసరైంది. కార్బురేటర్‌కూ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ మధ్య బిగించే, నాలుగు రంధ్రాలున్న పల్చటి లోహపు పలక అది. రంధ్రం ఎంత చిన్నదైతే ఇంజన్‌కు గాలి అంత తక్కువ, శక్తి అంత తక్కువ. ఇప్పుడు పలకకు బదులు గరాటులా లోపలికి సన్నబడే టేపర్డ్ స్పేసర్ వాడుతున్నారు. చేసే పని అదే.

అందరి శక్తికీ ఒకే మూత బిగించాక మిగిలేది గాలి నిరోధం. లెక్క చాలా సులువు. నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. కాబట్టి శక్తి మారకుండా నిరోధం ఒక శాతం తగ్గితే వేగం శాతంలో మూడో వంతు పెరుగుతుంది. గంటకు 180 మైళ్ల వేగంతో డేటోనా చుట్టు 50 సెకన్లు పడుతుంది. అందులో మూడో వంతు శాతం అంటే 0.17 సెకను. ఆ వేగం మీద అది 13 మీటర్ల దూరం, రెండు ట్రక్కుల పొడవు కన్నా ఎక్కువ. గుంపులో ఒకరి గాలి నీడలో ఒకరు పరిగెడుతున్నప్పుడు ఈ తేడా పూర్తిగా బయటపడదు, నిజమే. కానీ గుంపు నుంచి బయటికి తీసి ఒంటరిగా దాటబోయే ఆఖరి అర చుట్టులో బయటపడుతుంది.

ఇక్కడ గెలుపులు ఎంత సన్నగా ఉంటాయో చూడండి. 2020లో డేటోనాలో గ్రాంట్ ఎన్‌ఫింగర్ జోర్డన్ ఆండర్సన్‌ను 0.010 సెకనుతో ఓడించాడు. దూరంలో చెప్పాలంటే 80 సెంటీమీటర్లు. 2010 అక్టోబరులో టల్లడేగాలో కైల్ బుష్, ఆరిక్ అల్మిరోలాల మధ్య తేడా 0.002 సెకను. అది జానెడు దూరం.

వెనుక భాగం దిగితే ఏమవుతుంది

వెనుక భాగం కిందికి దిగితే స్పాయిలర్ పై అంచు కూడా దిగుతుంది. క్యాబిన్ కప్పు చాటు నుంచి బయటికి వచ్చి గాలికి నేరుగా ఎదురయ్యే స్పాయిలర్ వైశాల్యం తగ్గుతుంది. ట్రక్కును వెనక్కి లాగే గాలి నిరోధం తగ్గుతుంది. దీనికి మూల్యం వెనుక టైర్ల పట్టు. చిన్న ట్రాకు మీదో, మైలున్నర ఓవల్ మీదో ఆ పట్టు పోతే మలుపులో వెనుక భాగం జారిపోతుంది. అందుకే అక్కడ జట్లు వెనుక భాగాన్ని వీలైనంత పైకి లేపి ఉంచాలని చూస్తాయి. 31 డిగ్రీల వాలు మీద ఆ మూల్యాన్ని ట్రాకే భరిస్తుంది. ఒక ట్రాకులో నష్టం చేసే అమరిక మరో ట్రాకులో గెలిపిస్తుంది.

నిబంధనలు దాటకుండా కూడా వెనుక భాగం పరుగులో దిగుతుంది. స్పాయిలర్ మీద గాలి ఒత్తిడి, మలుపులో వాలు వల్ల పడే బరువు కలిసి వెనుక స్ప్రింగ్‌లను నొక్కుతాయి. స్ప్రింగ్ మెత్తగా ఉంటే ఎక్కువ నొక్కుకుంటుంది. షాక్ అబ్జార్బర్ పైకి లేచే కదలికను గట్టిగా పట్టి ఉంచేలా అమర్చితే ఒకసారి దిగిన వెనుక భాగం తిన్నని దారిలో కూడా త్వరగా లేవదు. నాస్కార్ అగ్రశ్రేణి కార్ల పోటీ అయిన కప్ సిరీస్‌లో ఈ ఆట ముదిరి, ఒక దశలో డేటోనా, టల్లడేగాలకు వెనుక స్ప్రింగ్‌లను, షాక్‌లను నాస్కారే ఇవ్వాల్సి వచ్చింది.

రేసయ్యాక ఆగి ఉన్న ట్రక్కు మాత్రం నిర్ణీత ఎత్తుకు తిరిగి రావాలి. చిక్కంతా అక్కడే. ఉద్దేశం లేకపోయినా ఎత్తు తగ్గడానికి దారులు చాలా ఉన్నాయి. వేడికీ దెబ్బలకూ స్ప్రింగ్ కొంత కుంగుతుంది. పిట్‌లో వెనుక అద్దం రంధ్రంలోంచి రెంచి పెట్టి స్ప్రింగ్ పై మరను తిప్పి వెడ్జ్‌ను (ఆ మూల చక్రం మీద పడే బరువును) తగ్గిస్తే ఆ మూల దిగుతుంది. వెనుకనుంచి నెట్టే ట్రక్కు దెబ్బకు సస్పెన్షన్ బిగింపులు వంగుతాయి. చల్లబడ్డ టైరులో గాలి ఒత్తిడి తగ్గి టైరు కుదించుకుపోతుంది. అనుభవం ఉన్న మెకానిక్ ఇవన్నీ కలిపి ఎంత దిగవచ్చో ముందే లెక్కేసి, ఆ మేరకు ఎత్తు కలిపి ట్రక్కును ట్రాకు మీదికి పంపుతాడు. కలిపిన ప్రతి మిల్లీమీటరూ వేగంలోంచి కోత. ఆ కోత ఎంత తక్కువ పెట్టుకోవాలన్నదే సూపర్‌స్పీడ్‌వే జట్టుకు అతి కష్టమైన నిర్ణయం.

మొదటి రేసులోనే వెనుక స్ప్రింగ్‌లు

నాస్కార్ స్ట్రిక్ట్లీ స్టాక్ పోటీల్లో, అంటే మార్పులు చేయని మామూలు కార్ల పోటీల్లో, మొట్టమొదటిది 1949 జూన్ 19న షార్లెట్‌లో, ముప్పావు మైలు మట్టి ట్రాకు మీద జరిగింది. గ్లెన్ డనవే 1947 ఫోర్డ్ కారుతో ముందు వచ్చాడు. తనిఖీలో వెనుక స్ప్రింగ్‌లను మార్చారని బయటపడింది. నాటుసారా మోసే కార్లు బరువుకు కుంగకుండా అప్పట్లో అలా బిగించేవాళ్లు. గెలుపు కాన్సాస్ నుంచి లింకన్ కారుతో వచ్చిన జిమ్ రోపర్‌కు దక్కింది. డనవే నడిపిన కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌లాండ్ 10,000 డాలర్లకు దావా వేస్తే కోర్టు కొట్టేసింది. సొంత పోటీకి సొంత నిబంధనలు అమలు చేసే హక్కు నాస్కార్‌కు అక్కడే స్థిరపడింది.

అంత గట్టిగా మొదలైన సంస్థ తర్వాత మెత్తబడింది. 1960 ఏప్రిల్‌లో విల్సన్‌లో పెట్రోలు ట్యాంకు పరిమాణం మించిందని ఇమాన్యుయల్ జెర్వాకిస్ గెలుపు తీసేశాక, అగ్రశ్రేణి సిరీస్‌లో మరో 62 ఏళ్లు ఎవరి గెలుపునూ అలా తీసేయలేదు. ప్రేక్షకుడు ట్రాకు దగ్గర చూసిన విజేతే మర్నాడు పత్రికలోనూ ఉండాలన్నది అప్పటి ఆలోచన. 1983 అక్టోబరులో షార్లెట్‌లో రిచర్డ్ పెటీ గెలిచిన కారు ఇంజన్ 358 ఘనపుటంగుళాల హద్దు దాటి దాదాపు 382 ఉంది, ఎడమ పక్క టైర్లు కుడి పక్క బిగించి ఉన్నాయి. 35,000 డాలర్ల జరిమానా వేశారు, 104 పాయింట్లు కోశారు. గెలుపు మాత్రం ఆయన లెక్కలోనే ఉండిపోయింది. ఈ మెతకదనమే జట్లకు తప్పుడు పాఠం నేర్పిందని నా అభిప్రాయం. జరిమానాను ఖర్చు పద్దులో రాసుకోగలిగిన జట్టుకు నిబంధన ఒక ధర మాత్రమే.

ట్రక్ సిరీస్ ఈ అలవాటులోకే పుట్టింది. 1995 ఫిబ్రవరి 5న ఫీనిక్స్‌లో తొలి రేసు జరిగింది, మైక్ స్కిన్నర్ గెలిచాడు. తొలి ఏళ్లలో ఎక్కువగా చిన్న ట్రాకులే, రేసు మధ్యలో విరామం కూడా ఉండేది. డేటోనాకు 2000 ఫిబ్రవరి 18న గానీ రాలేదు. 100 చుట్ల ఆ రేసులో 57వ చుట్టులో జెఫ్ బోడిన్ ట్రక్కు గాల్లోకి లేచి కంచెను ఢీకొని మంటల్లో పల్టీలు కొట్టింది. ఆయన బతికి బయటపడటం ఇప్పటికీ నమ్మశక్యం కాదు. ఆ రోజు మైక్ వాలస్ గెలిచాడు. ఎత్తైన ఈ వాహనాలు సూపర్‌స్పీడ్‌వే మీద ఎలా ప్రవర్తిస్తాయో మొదటి రోజే కనిపించింది. టల్లడేగాకు ట్రక్కులు 2006లో వచ్చాయి.

స్పాయిలర్ విలువ ఎంతో 2011లో డేటోనాలో అందరి కళ్ల ముందే తేలింది. ఆఖరి దశలో మైకేల్ వాల్ట్రిప్ ట్రక్కు స్పాయిలర్ ఒక పక్క ఊడి వాలిపోయింది. ఆయన ఇలియట్ సాడ్లర్‌ను దాటి గెలిచాడు. తర్వాత జట్టుకు శిక్ష పడింది, గెలుపు చెదరలేదు. ఇవాళ్టి నిబంధనలతో అది నిలుస్తుందని నేను అనుకోను.

తర్వాత కొన్నాళ్లు మధ్యేమార్గం నడిచింది. గెలుపు గెలుపుగానే ఉంటుంది, దానితో వచ్చే ప్లేఆఫ్ (సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే పోటీ) అర్హత మాత్రం పోతుంది. 2017 ఏప్రిల్‌లో రిచ్‌మండ్‌లో గెలిచిన జోయీ లొగానో వెనుక సస్పెన్షన్ తప్పు వల్ల ఇలాగే నష్టపోయి ఆ ఏడాది ప్లేఆఫ్‌కు చేరలేదు. ఈ పద్ధతి ఎవరికీ నచ్చలేదు. రికార్డుల్లో విజేత, లెక్కల్లో కాదు. శిక్ష కూడా రేసయిన కొన్ని రోజులకు, తనిఖీ కేంద్రం నుంచి వచ్చేది.

2019 నుంచి తనిఖీని ట్రాకు దగ్గరే, రేసు ముగిసిన వెంటనే పూర్తి చేస్తున్నారు. మొదటి రెండు స్థానాల వాహనాలతో పాటు కనీసం మరొకదాన్ని ఎంచి చూస్తారు. తప్పితే గెలుపు, రేసు మధ్య దశల్లో వచ్చిన స్టేజి పాయింట్లు అన్నీ పోయి చివరి స్థానం. ఈ నిబంధన మొదట కోసింది ట్రక్ సిరీస్‌నే. 2019 జూన్‌లో అయోవాలో రాస్ చాస్టెయిన్ గెలిచిన ట్రక్కు ముందు భాగం ఎత్తు తక్కువగా ఉందని గెలుపును బ్రెట్ మాఫిట్‌కు ఇచ్చారు. 2022 జులైలో పొకోనోలో కప్ సిరీస్ వంతు వచ్చింది. మొదటి రెండు స్థానాల్లో వచ్చిన డెనీ హామ్లిన్, కైల్ బుష్ కార్ల ముందు భాగం మీద అదనపు పొరలు అతికించి ఉన్నాయని ఇద్దరినీ తప్పించి చేజ్ ఇలియట్‌ను విజేతగా ప్రకటించారు. అంత పెద్ద జట్లకూ మినహాయింపు లేదని తేలాక, డేటోనాలో ఒక చిన్న జట్టుకు మినహాయింపు ఇవ్వడానికి దారే లేకుండా పోయింది.

చిన్న జట్టు లెక్క

ఈ కథలో మనసు కలుక్కుమనేది ఇక్కడే. హెండర్సన్ మోటార్‌స్పోర్ట్స్ ఏడాది పొడవునా పోటీ చేసే జట్టు కాదు, ఎంచుకున్న కొన్ని రేసులకే వచ్చేది. అయినా క్లిగర్మన్‌తో 2017లో టల్లడేగాలో, 2022లో మిడ్-ఒహాయోలో గెలిచింది. ఇలాంటి జట్లకు సూపర్‌స్పీడ్‌వే నిజమైన అవకాశం. ఇంజన్ శక్తికి హద్దుంది, పైగా 2018 నుంచి ఇల్మోర్ తయారుచేసే ఒకే రకం ఇంజన్‌ను ఎక్కువ జట్లు వాడుతున్నాయి. 2020లో 80 సెంటీమీటర్ల తేడాతో ఓడిన ఆండర్సన్ కూడా సొంత చిన్న జట్టుతో వచ్చినవాడే.

సరిగ్గా అందుకే ఎత్తు నిబంధనను సడలించమని అడగడం చిన్న జట్లకు మేలు చేయదు. వెనుక భాగాన్ని దించి ఉంచి, ఆగగానే లేపే స్ప్రింగ్, షాక్ అమరికలకు పరీక్షా యంత్రాలు, విండ్ టన్నెల్ గంటలు, ఇంజనీర్లు కావాలి. కొలత సడలితే ఆ పోటీలో డబ్బున్నవాడే గెలుస్తాడు. క్లిగర్మన్ ట్రక్కును కావాలని దించారా, రేసులో దానంతటదే దిగిందా అన్నది నిబంధన అడగదు. అడగకూడదు కూడా. ఉద్దేశాన్ని కొలిచే గేజీ ఏ తనిఖీ గదిలోనూ లేదు.

మారాల్సింది ఒకటుంది. రద్దు ప్రకటనలో ఎత్తు తగ్గిందని చెప్పారు సరే, ఎక్కడ కొలిచారో, ఎంత తగ్గిందో కూడా అంకెతో సహా అప్పుడే అందరికీ చెప్పాలి. ట్రాకు మీద 0.010 సెకను తేడాను తెర మీద చూపించే క్రీడలో, గెలుపును తీసేసే కొలతను కూడా అదే పద్ధతిలో చూపించాలి.

ఆ రాత్రి చేతికి వచ్చిన గెలుపుతో హైమ్ 2025 సీజన్‌ను మొదలుపెట్టాడు. అక్టోబరు చివర ఫీనిక్స్‌లో ఛాంపియన్ అయ్యేసరికి 12 గెలుపులు. 1999లో గ్రెగ్ బిఫిల్ నెలకొల్పిన 9 గెలుపుల రికార్డు డేటోనాను తీసేసి లెక్కించినా దాటిపోయేదే.