రౌండ్లు కొడితే స్పీడ్ రాదు

మొన్న మళ్లీ అదే మాట. పద్నాలుగేళ్ల బిడ్డను రోజూ బండి మీద ఊరి నుంచి హనుమకొండకు తీసుకొచ్చే ఓ తండ్రి, నేను స్ప్రింట్ (పొట్టి దూరాల పరుగు) నేర్పే గ్రౌండ్ కంచె దగ్గర నిలబడి చూసి చూసి అడిగేశాడు: "సార్, గంటలో ఆరుసార్లే ఉరికింది. మిగతా టైమంతా నడుసుడు, కూసునుడే. ఇట్లయితే స్టేట్ మీట్‌ల ఎట్ల సార్?"

ఇంటికెళ్లాక ఊరి స్కూల్ గ్రౌండ్‌లో ఎనిమిది రౌండ్లు కొట్టిస్తున్నాడట. నెల నుంచి ఆ పిల్ల టైమింగ్ ఎందుకు కదలట్లేదో అప్పుడు తెలిసింది నాకు.

అపోహ: ఎంత ఎక్కువ ఉరికితే అంత స్పీడ్.

వాస్తవం: ఫుల్ స్పీడ్‌కు కండరంలో ఉండే ఇంధనం కొన్ని సెకన్లకే సరి. మళ్లీ నిండాలంటే నిమిషాలు కావాలి. అలసిన కాలు నేల మీద ఎక్కువసేపు ఆగుతుంది, ఆ నిదానమే ఒంటికి అలవాటైపోతుంది. అందుకే పది మీటర్లకు ఒక నిమిషం లెక్కన రెస్ట్ ఇస్తాం. 30 మీటర్లకు మూడు నిమిషాలు, 60కి ఆరు. ఇలాంటి సెషన్లు వారానికి రెండు, మహా అయితే మూడు. మధ్యలో 48 గంటలు ఉండాల్సిందే.

మాటలతో నమ్మకం కుదరదని వాచ్ ఆయన చేతికే ఇచ్చాను. మూడేసి నిమిషాల రెస్ట్‌తో 30 మీటర్లు మూడుసార్లు: 4.7, 4.7, 4.6. తర్వాత నిమిషం కూడా ఆగకుండా నాలుగు: 4.8, 4.9, 5.1, 5.2. చివరిదాంట్లో పిల్ల భుజాలు చెవుల దాకా లేచాయి, మడమలు నేలకు కొట్టుకుంటున్నాయి. "ఊళ్లె రోజూ ప్రాక్టీస్ చేయిస్తున్నది ఈ చివరి పరుగే అన్నా" అన్నాను. ఆయన చాలాసేపు వాచ్ వంకే చూశాడు.

ఆయన్ని తప్పుపట్టను. పని మానుకుని తెచ్చిన బిడ్డ కూర్చుని కనిపిస్తే ఏ తండ్రికైనా గుబులే. నాకు పదిహేడేళ్లప్పుడు జిల్లా మీట్ ముందురోజు కూడా పది రౌండ్లు కొట్టించారు. మర్నాడు 200 మీటర్లలో వంపు దాటుతుంటే తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. హామ్‌స్ట్రింగ్. ఆ సీజన్ అక్కడితో సరి. చలికాలం వస్తే ఇప్పటికీ అక్కడ లాగుతుంది.

మిగతా అపోహలు, పొరపాట్లు గబగబా చెప్పేస్తా.

"లాస్ట్‌ల స్పీడ్ పెంచురా, అంగలు పెద్దగెయ్" అని కంచె బయటి నుంచి అరవకండి. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో కొట్టిన ఉసేన్ బోల్ట్‌కు 60 నుంచి 80 మీటర్ల దాకా 1.61 సెకన్లు పడితే, చివరి 20 మీటర్లకు 1.66 పట్టింది. చివర్లో అందరూ తగ్గుతారు, తక్కువ తగ్గినవాడు గెలుస్తాడు. అంగ సాగదీస్తే పాదం ముందుకు పడి బ్రేకు వేస్తుంది.

కాళ్లకు ఇసుక సంచులు కట్టి స్ప్రింట్ చేయించడం: వద్దు. పరుగు తీరే చెడిపోతుంది.

బరువులెత్తితే ఎత్తు పెరగరన్నది ఉత్త పుకారు. పక్కన తెలిసినవాళ్లుండి పద్ధతిగా చేయిస్తే స్క్వాట్లు (బరువుతో గుంజీలు) మంచివే.

చేతి వాచ్‌లో 100 మీటర్లు 11.0 వస్తే ఎలక్ట్రానిక్ లెక్కలో దాదాపు 11.24 అనుకోవాలి. మీట్‌లో ఆ అంకె చూసి "టైమింగ్ పడిపోయింది" అని పిల్లాణ్ని తిట్టకండి.

ఎవడో చెప్పాడని డబ్బా పౌడర్లు, ఇంజెక్షన్లు అసలే వద్దు. అందులో నిషేధిత మందు దొరికితే "మాకు తెల్వదు సార్" అన్నా వినరు. శిక్ష పడేది పిల్లలకే.

ఒక్కసారిగా పొడుగైన పిల్లలకు కొన్ని నెలలు టైమింగ్ తగ్గొచ్చు, భయపడకండి. పొడుగైన కాళ్లకు ఒళ్లు అలవాటు పడాలి కదా. కానీ మోకాలి చిప్ప కింద బొడిపెలా వచ్చి నొక్కితే నొప్పి ఉంటే మాత్రం దాచొద్దు. మీట్ దగ్గర్లో ఉందని నొప్పి మింగి ఉరికే పిల్లల్ని ఏటా చూస్తున్నా. ఆ రోజు జంపులు, బ్లాక్ స్టార్టులు (పాదాలు దిమ్మెలకు ఆనించి పరుగు మొదలెట్టడం) ఆపించి డాక్టర్‌కు చూపించండి, నాకూ చెప్పండి. గ్రౌండ్‌కు మాత్రం తీసుకురండి, నొప్పి పెట్టని పని ఏదో ఒకటి చేయిస్తాను.