సెట్టుకి తగ్గ స్పీకర్

కారు కొన్న ఏడో ఏట ఎడమ ముందు డోర్‌లోని స్పీకర్ గరగరలాడటం మొదలుపెట్టింది. గొంతు ఒక్కటే ఉన్నప్పుడు బాగానే ఉండేది. డోలు దెబ్బ పడిందంటే చాలు, చిరిగిన కాగితం మీద ఊదినట్టు చప్పుడు. డోర్ ప్యాడ్ విప్పి చూస్తే నిజంగానే కాగితం చిరిగింది. వానాకాలపు చెమ్మకి నాని, ఎండకి పెళుసెక్కి, కోన్ అనే ఆ కాగితపు గరాటు అంచు వేలెడు మేర విడిపోయింది.

ఎలాగూ మార్చాలి కదా, మంచివే వేద్దామని కొత్త జత తెచ్చాను. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 300 వాట్స్ అని ఉంది. పాత స్పీకర్ చేతిలో పెట్టుకుంటే చిన్న గిన్నెంత తేలిక. కొత్తది ఇత్తడి చెంబంత బరువు. షాపులోనే బిగించారు. ఇంటికొస్తూ పాట పెడితే పాత చిరిగిన స్పీకర్లకున్న ఊపు కూడా లేదు. గొంతు దూరంగా జరిగిపోయింది. బేస్ దాదాపు లేదు. వాల్యూమ్ పెంచితే శబ్దం పెరగడానికి బదులు గరుకుదనం పెరిగింది.

స్పీకర్లు నకిలీవేమోనని అనుమానం వచ్చింది. నకిలీవి కావు. మంచి స్పీకర్లే. మా కారు స్టీరియో సెట్టుకి తగినవి కావు, అంతే. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. కారులో కంపెనీ ఇచ్చిన స్టీరియోని అలాగే ఉంచుకుని స్పీకర్లు మాత్రమే మార్చుకోవాలనుకునే వాళ్లకి ఆ రెండు నెలలు మిగలాలని ఇది రాస్తున్నాను.

ముందు సెట్టు సంగతి. కారు బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు ఇస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ పుణ్యమా అని అది 14.4 దాకా వెళ్తుంది. సెట్టులో ఉండే చిన్న ఆంప్లిఫయర్ చిప్‌కి అందేది ఇదే. దాన్ని పెంచుకునే ఏర్పాటు చిప్‌లో ఉండదు. స్పీకర్ తీగల్లో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని మాత్రమే ఆడిస్తే వోల్టేజీ మధ్య నుంచి పైకి 7.2, కిందికి 7.2 మాత్రమే ఊగుతుంది. 4 ఓమ్‌ల స్పీకర్‌కి (కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత ఓమ్) ఆ ఊపుతో వెళ్లేది ఆరున్నర వాట్లు. హైవే మీద టైర్ల హోరుకి అది ఏమూలకీ చాలదు.

అందుకని చిప్ రెండు తీగల్నీ ఆడిస్తుంది. చల్ల చిలికేటప్పుడు కవ్వం తాడుని చూడండి. ఒక చేయి లాగుతుంటే రెండో చేయి వదులుతుంది, మరుక్షణం తారుమారు. ఇక్కడా అంతే, ఒక తీగ పైకి వెళ్తున్నప్పుడు రెండోది కిందికి వెళ్తుంది. స్పీకర్‌కి కనిపించే ఊపు రెట్టింపవుతుంది. పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది నాలుగు రెట్లవుతుంది, అంటే 26 వాట్లు. అదీ కాగితం మీద లెక్క. చిప్ తన కోసం కొంత వోల్టేజీ ఖర్చు పెట్టుకోగా, శబ్దం చెదరకుండా ఒక్కో స్పీకర్‌కి నిజంగా అందేది 15 నుంచి 20 వాట్లు.

మరి సెట్ల మీద 50 వాట్స్ చొప్పున నాలుగు అని ఎందుకు రాస్తారు? 14.4ని 14.4తో గుణించి 4తో భాగించండి. 51.8 వస్తుంది. బ్యాటరీ వోల్టేజీ మొత్తం ఒక్క క్షణం కూడా తగ్గకుండా స్పీకర్ మీద ఉంటే వచ్చే అంకె అది. అలా ఉండాలంటే శబ్దపు అల గుండ్రటి వంపులన్నీ పోగొట్టుకుని పెట్టెలా చదరంగా మారాలి. చెవికి అది పాటలా ఉండదు, రంపంలా ఉంటుంది. కొనేవాళ్లు చూడాల్సిన అంకె పక్కన ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది, అంటే నిలకడగా ఉండే పవర్.

ఈ కవ్వం ఏర్పాటు వల్ల ఒక జాగ్రత్త అవసరం. స్పీకర్ మైనస్ తీగ కారు బాడీకి సంబంధించిన ఎర్త్ కాదు. దాన్నీ చిప్ ఆడిస్తూనే ఉంటుంది. పాత అలవాటుతో దాన్ని డోర్ రేకుకి తగిలిస్తే చిప్ షార్టవుతుంది. అదృష్టం బాగుంటే సెట్టు తనంతట తాను ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది.

ఇప్పుడు స్పీకర్ డబ్బా మీది 300 వాట్స్. నేను మోసపోయింది అక్కడే. అది స్పీకర్ ఇచ్చే శబ్దం కొలత కాదు, అది తట్టుకోగల భారం. లారీ పది టన్నులు మోస్తుందంటే దాని మీద పది టన్నుల సరుకు ఉన్నట్టు కాదు కదా. పైగా ఆ 300 కూడా క్షణకాలపు అంకె. నిలకడగా మోయగలిగేది లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది, 60 వాట్లు. మా సెట్టు ఇచ్చేది మహా అయితే 18.

చూడాల్సిన అంకె ఇంకొకటుంది. షాపులో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. దాని పేరు సెన్సిటివిటీ. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో ఆ అంకె చెబుతుంది. 87, 90, 92 ఇలా ఉంటాయి. చూడ్డానికి మూడు నాలుగు అంకెల తేడా ఏముంది అనిపిస్తుంది. కానీ డెసిబెల్ లెక్క వేరు. 3 డెసిబెల్స్ తక్కువున్న స్పీకర్ నుంచి అదే శబ్దం రావాలంటే రెట్టింపు వాట్లు కావాలి. 6 తక్కువైతే నాలుగు రెట్లు. 10 తక్కువైతే పది రెట్లు. 92 స్పీకర్ తీసేసి 86 స్పీకర్ పెట్టామంటే, శబ్దం విషయంలో 18 వాట్ల సెట్టుని నాలుగున్నర వాట్ల సెట్టుగా మార్చుకున్నట్టే.

ఇదంతా ఎందుకింత సున్నితం? స్పీకర్ అనేది చాలా దుబారా యంత్రం. 92 డెసిబెల్స్ స్పీకర్ కూడా తనకిచ్చిన కరెంటులో నూటికి ఒక పాలు మాత్రమే శబ్దంగా మారుస్తుంది. మిగతా 99 పాళ్లు వాయిస్ కాయిల్‌లో వేడిగా పోతాయి. మాగ్నెట్ మధ్య సన్నని సందులో ఆ కాయిల్ అనే తీగ చుట్ట ఒకటి, దానికి అతికించిన కోన్ ఒకటి, తీగలో పాట కరెంటుగా ప్రవహిస్తే చుట్ట ముందుకీ వెనక్కీ కదిలి గాలిని తోస్తుంది. అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు 1925లో ఈ రూపం ఇచ్చారు. మూలసూత్రం అప్పటినుంచీ అదే.

కదిలే భాగం ఎంత తేలికైతే అంత తక్కువ కరెంటుతో కదులుతుంది. కంపెనీ వాళ్లు వేసిన పల్చటి కాగితం కోన్‌ని చూసి చవకబారుది అనుకుంటాం. చవకదే, కాకపోతే తేలికైనది. సెట్టులో ఉన్న కొద్దిపాటి పవర్‌తో బాగా మోగాలనే దాన్ని అలా చేశారు. నేను తెచ్చిన స్పీకర్‌కి మందపాటి ప్లాస్టిక్ కోన్, చుట్టూ రబ్బరు అంచు, ఎక్కువ వేడిని తట్టుకునే లావుపాటి కాయిల్. బయట విడిగా పెద్ద ఆంప్లిఫయర్ (ఆంప్) పెట్టుకునేవాళ్ల కోసం పుట్టిన స్పీకర్ అది. దాన్ని 18 వాట్లతో కదిలించబోవడం నిండు బస్తాని చిటికెన వేలితో జరపబోవడమే.

సెన్సిటివిటీ చదివేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. కొందరు ఒక వాట్ దగ్గర కొలుస్తారు, కొందరు 2.83 వోల్టుల దగ్గర కొలుస్తారు. ఇళ్లలో వాడే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాట్. కారులో ఎక్కువగా ఉండే 4 ఓమ్‌ల స్పీకర్‌కి అదే వోల్టేజీ రెండు వాట్లవుతుంది. అంటే అంకె 3 డెసిబెల్స్ ఎక్కువ కనిపిస్తుంది. 2.83 అని రాసి ఉంటే 3 తీసేసి చూసుకోండి.

ఇక ఓమ్‌లు. ఇక్కడ తప్పు చేస్తే శబ్దం తగ్గడంతో ఆగదు, సెట్టే పోవచ్చు. 4 ఓమ్‌ల కోసం చేసిన చిప్‌కి 2 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే అది రెట్టింపు కరెంటు లాగుతుంది. చిప్ వేడెక్కి, పాట మధ్యలో ఆగి, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. కొన్నాళ్లకి అదీ ఉండదు. తీసిన స్పీకర్‌ని మల్టీమీటర్‌తో కొలిస్తే 3.2, 3.5 అలా వస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, అది 4 ఓమ్‌ల స్పీకరే. మీటర్ చూపించేది తీగ నిరోధం ఒక్కటే. పాట నడిచేటప్పుడు అడ్డుపడేది దానికంటే ఎక్కువ ఉంటుంది.

తెలియకుండానే 2 ఓమ్‌లకి చేరుకునే దారి ఒకటుంది. చాలా కార్లలో అద్దం మూల దగ్గర చిన్న ట్వీటర్ విడిగా ఉంటుంది. అది డోర్ స్పీకర్‌తో కలిసి ఒకే తీగ మీద పనిచేస్తుంది. దాని ముందు ఉండే చిన్న కెపాసిటర్ సన్నని స్వరాల్ని మాత్రమే దానికి వదులుతుంది. ఇప్పుడు డోర్‌లో మధ్యలో ట్వీటర్ ఉన్న కోయాక్సియల్ స్పీకర్ పెట్టారనుకోండి. సన్నని స్వరాల దగ్గర రెండు ట్వీటర్లు పక్కపక్కన కూర్చుని కరెంటు లాగుతాయి. చిప్ మీద భారం పెరుగుతుంది, చెవికి స, శ అక్షరాలు ఈలలా వినిపిస్తాయి. అలాంటి కారుకి బేస్ ఇచ్చే వూఫర్, సన్నని స్వరాలిచ్చే ట్వీటర్ విడివిడిగా వచ్చే కాంపొనెంట్ సెట్ మేలు. లేదంటే పాత ట్వీటర్ తీగ తీసేయాలి.

సెట్టు లోపల కంపెనీ దాచిన సర్దుబాట్లు కూడా ఉంటాయి. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మన చెవి బేస్‌ని సరిగా పట్టుకోలేదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లో దీన్ని కొలిచి చూపించారు. అందుకే చాలా సెట్లు తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచి, వాల్యూమ్ పెరిగేకొద్దీ తగ్గిస్తాయి. ఆ కాగితం కోన్ చిరగకుండా కాపాడటం కూడా అందులో ఒక ఉద్దేశం. కొత్త స్పీకర్ ఎంత గట్టిదైనా, సెట్టు మాత్రం ఇంకా పాత కోన్ ఉందనుకునే బేస్ కోసేస్తుంది. ఏ స్పీకర్ పెట్టినా ఇది మారదు.

నా రెండు నెలల్లో చాలా భాగం డోర్ దగ్గర గడిచింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, అందరూ బాబాయ్ అంటారు. పాట పది సెకన్లు విని కట్టేయమన్నారు. "బేస్ లేకపోవడం కాదు బాబూ, ఒక డోర్ తోస్తుంటే ఇంకో డోర్ లాగేస్తోంది" అన్నారు. రెండు ప్యాడ్లూ విప్పించి, జేబులోంచి గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తీశారు. కుడి స్పీకర్ ప్లస్‌కి సెల్ ప్లస్, మైనస్‌కి మైనస్ తాకించారు. టుక్కుమని చిన్న చప్పుడు. పాలు పొంగబోయే ముందు మీగడ లేచినట్టు కోన్ బయటికి లేచింది. అది సరైనది. ఎడమ డోర్‌లో స్పీకర్ వెనక చూడకుండా, సెట్టు వైపు నుంచి వచ్చే తీగల దగ్గర తాకించారు. కోన్ లోపలికి పోయింది. బిగించినచోట, తీగలు కోయకుండా కలిపే కప్లర్ వాడకుండా తీగలు కోసి, అతికేటప్పుడు తారుమారు చేశారు.

దీనివల్ల బేస్ మాత్రమే ఎందుకు పోతుంది? 100 హెర్ట్జ్ బేస్ శబ్దానికి గాలిలో అల పొడవు సుమారు 3.4 మీటర్లు. కారు లోపలి వెడల్పు అందులో సగం కూడా ఉండదు. కాబట్టి ఒక డోర్ గాలిని తోసేటప్పుడే రెండోది లాగితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. సన్నని స్వరాల అలలు సెంటీమీటర్లలో ఉంటాయి కాబట్టి అవి ఇంత సాఫీగా రద్దు కావు. కొత్త స్పీకర్ పెట్టాక గొంతు ఎక్కడ నుంచి వస్తోందో తెలియడం లేదూ, బేస్ లేదూ అంటే ముందు ఈ సెల్ పరీక్ష చేయండి.

తీగలు మార్చాక బేస్ కొంత వచ్చింది. బాబాయ్ అక్కడితో వదల్లేదు. డోర్ రేకులో ఉన్న పెద్ద పెద్ద కన్నాలు చూపించారు. కోన్ ముందుకు తోసినప్పుడు వెనక గాలి పల్చబడుతుంది. ఆ వెనక అల కన్నాల గుండా ముందుకొచ్చి ముందు అలతో కలిస్తే బేస్ డోర్ దాటకముందే చచ్చిపోతుంది. డంపింగ్ షీట్‌తో, అంటే రేకు అదురు తగ్గించే అంటుకునే షీట్‌తో, ఆ కన్నాలు మూసి, స్పీకర్‌కీ రేకుకీ మధ్య ఫోమ్ రింగ్ పెట్టారు. డోర్ అడుగున వాన నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం ముట్టుకోలేదు. అవి మూస్తే ఏడాదిలో డోర్ తుప్పు పట్టిపోతుంది. అద్దం పూర్తిగా దించి మాగ్నెట్‌కి తగలడం లేదని చూసి అప్పుడు ప్యాడ్ వేశారు. నా లెక్కలో స్పీకర్‌కి పెట్టిన డబ్బుకంటే ఈ షీట్లకి పెట్టిన డబ్బే ఎక్కువ పనిచేసింది.

అయినా సగం వాల్యూమ్ దాటితే గరుకుదనం వచ్చేది. చిప్ శక్తి అయిపోయి అల తలలు తెగిపోవడం అది. తెగిన అలలో సన్నని స్వరాల పాలు పెరిగి, ఆ భారం ట్వీటర్ మీద పడుతుంది. అలాగే పెట్టి వింటూ పోతే ముందు కాలేది ట్వీటరే. దాంతో ఆ జతని మా బావమరిదికి ఇచ్చేశాను. వాడి కారులో ఒక్కో స్పీకర్‌కి 60 వాట్లు ఇచ్చే ఆంప్ ఉంది. అక్కడ అవే స్పీకర్లు కట్టినప్పుడు నేను పక్క సీట్లోనే ఉన్నాను. డోలు దెబ్బ పొట్టకి తగిలింది.

నేను కాగితం కోన్, చిన్న మాగ్నెట్ ఉన్న జత తెచ్చుకున్నాను. 4 ఓమ్‌లు, నిలకడగా 35 వాట్లు, సెన్సిటివిటీ ఒక వాట్ దగ్గర 91. డబ్బా మీద పెద్ద అంకెలేవీ లేవు, ధర కూడా తక్కువే. మొన్న అమ్మని ఏలూరు తీసుకెళ్తుంటే ఘంటసాల పాటలు పెట్టాను. ఇదివరకు లారీల మధ్యకి వెళ్తే వాల్యూమ్ 26 దాకా తిప్పేవాణ్ని. ఆ రోజు 17 దగ్గర ఉంచాను. అమ్మ పెంచమని అడగలేదు, తనూ మెల్లగా పాడుకుంటూ కూర్చుంది.