సాకు రెండు నదుల మధ్య, చూపు కాలిఫోర్నియా మీద

హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ హోజే. ఇవాళ మనవాళ్లు వేల సంఖ్యలో ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ ఈ నేలంతా 1821లో మెక్సికోది. ఆ ఏడాదే అది స్పెయిన్ నుంచి బయటపడింది. పటంలో చూస్తే చాలా పెద్ద దేశం. ఖజానా మాత్రం ఖాళీ, ప్రభుత్వాలకు నిలకడ లేదు. ఉత్తరాన టెక్సస్‌లో జనం మరీ పలచన. మనుషులుంటేనే నేల నిలుస్తుందని అమెరికన్లను రానిచ్చి భూములిచ్చారు. స్టీఫెన్ ఆస్టిన్ వెంట వచ్చినవాళ్లు పత్తి వేశారు, ఆ పనికి బానిసలను తెచ్చుకున్నారు. మెక్సికో 1829లో బానిసత్వం రద్దు చేసినా టెక్సస్‌కు వెంటనే మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. 1830లో అమెరికన్ల వలసకు అడ్డుకట్ట వేస్తూ చట్టం చేసేసరికి అక్కడ మెక్సికన్ల కంటే వచ్చినవాళ్లే ఎక్కువయ్యారు.

1835లో తిరుగుబాటు మొదలైంది. మరుసటి ఏప్రిల్‌లో శాన్ హసింటో దగ్గర శామ్ హ్యూస్టన్ దండు మెక్సికో సైన్యాన్ని చిత్తుచేసి, దాన్ని నడిపిన మెక్సికో అధ్యక్షుడు శాంటా అన్నాను పట్టుకుంది. టెక్సస్‌ను వదులుకుంటూ బందీగా ఆయన చేసిన సంతకాలు చెల్లవని మెక్సికో తేల్చేసింది. అసలు పేచీ అక్కడే మిగిలింది. టెక్సస్ తన సరిహద్దు రియో గ్రాండే నది అంది. మెక్సికో లెక్కలో టెక్సస్ అంతకు ఉత్తరానున్న న్యూయెసెస్ నది దగ్గరే ఆగిపోతుంది. నడుమ ఉన్నది పొదలూ అడవి గుర్రాలూ తప్ప పెద్దగా ఏమీ లేని మైదానం. 1845 చివర టెక్సస్‌ను కలుపుకున్న అమెరికా, దాంతోపాటు ఈ తగాదానూ తీసుకుంది.

అమెరికా అధ్యక్షుడు జేమ్స్ పోక్‌కు ఆ మైదానంతో పనేమిటి? ఆయన మనసంతా శాన్ ఫ్రాన్సిస్కో రేవు మీద ఉంది. కాలిఫోర్నియా, న్యూ మెక్సికో కొంటామని జాన్ స్లైడెల్‌ను రాయబారిగా పంపాడు. మెక్సికో అతనితో మాట్లాడటానికే ఒప్పుకోలేదు. దేశాన్ని అమ్ముకున్నాడన్న పేరు మోసి పదవిలో నిలిచే నాయకుడు అప్పుడక్కడ లేడు. 1846 జనవరిలో పోక్, జనరల్ టేలర్‌ను రియో గ్రాండే దాకా కదలమన్నాడు. ఏప్రిల్ 25న నదికి ఉత్తరాన అమెరికా గస్తీ దళం మీద మెక్సికో ఆశ్వికులు పడ్డారు. పదిమందికి పైగా చనిపోయారు.

ఇక్కడ తేదీలు గమనించాలి. మే 9 శనివారం పగలు పోక్ మంత్రివర్గాన్ని కూర్చోబెట్టి, మెక్సికో అమెరికన్ల బాకీలు తీర్చలేదనీ, స్లైడెల్‌ను అవమానించారనీ యుద్ధం అడగాలని నిర్ణయించాడు. గస్తీ దళం వార్త వాషింగ్టన్ చేరింది ఆ సాయంత్రం! ఆదివారం కూర్చుని సందేశం తిరగరాశాడు. ప్రార్థనకు ఉండాల్సిన రోజు ఇలా గడిచిందని డైరీలో నొచ్చుకున్నాడు కూడా. సోమవారం కాంగ్రెస్‌కు అందిన సందేశంలో అమెరికా గడ్డ మీద అమెరికా రక్తం చిందిందన్న మాట చేరింది. 13న యుద్ధ ప్రకటన. ఆ రక్తం చిందిన చోటేదో చూపించండని 1847 డిసెంబర్‌లో పోక్‌ను నిలదీసిన కాంగ్రెస్ కొత్త సభ్యుడు అబ్రహాం లింకన్.

పోరు ఎక్కువకాలం సాగలేదు. న్యూ మెక్సికోలోని శాంటా ఫే తూటా పేలకుండానే లొంగింది, కాలిఫోర్నియా చేజిక్కింది. క్యూబాలో ప్రవాసంలో ఉన్న శాంటా అన్నా, దేశానికి వెళ్లనిస్తే సంధి చేయిస్తానని నమ్మబలికాడు. పోక్ తన యుద్ధనౌకలకు చెప్పి మరీ దారి ఇప్పించాడు. దిగీ దిగగానే ఆయన సైన్యాన్ని కూడగట్టి అమెరికా మీదికే నడిపాడు. అమెరికా జనరల్ స్కాట్ సేన వెరాక్రూజ్ రేవులో దిగి 1847 సెప్టెంబర్‌లో రాజధానిని పట్టుకుంది. ఆ పోరులో రాజధాని చెంతనున్న చపుల్తెపెక్ కోటలో చనిపోయిన ఆరుగురు సైనిక విద్యార్థులకు మెక్సికోలో ఇప్పటికీ నివాళి అర్పిస్తారు. వాళ్లలో ఒకడు జెండా చుట్టుకుని దూకాడన్న కథను చరిత్రకారులు అంతగా నమ్మరు. అయినా 1947లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ వెళ్లి వాళ్ల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచాడు.

సంధి కథ ఇంకా విచిత్రం. వెనక్కి రమ్మని పోక్ ఉత్తర్వు పంపినా రాయబారి నికొలస్ ట్రిస్ట్ కదల్లేదు. అధికారం పోయాక కూడా చర్చలు నడిపి, 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపె ఇదాల్గోలో సంతకం పెట్టించాడు. కోటిన్నర డాలర్లకు మెక్సికో, టెక్సస్‌తో కలిపి చూస్తే, సగానికి పైగా భూభాగం వదులుకుంది. కాలిఫోర్నియాలో బంగారం బయటపడి అప్పటికి తొమ్మిది రోజులు. సంతకం చేసినవాళ్లకు ఆ కబురే అందలేదు. ట్రిస్ట్‌కు దక్కింది ఉద్వాసన. ఆగిన జీతం 1871లో గానీ చేతికి రాలేదు.

పాత మెక్సికన్ భూపట్టాలకు భరోసా ఇచ్చే సంధిలోని పదో అధికరణాన్ని అమెరికా సెనేట్ కొట్టేసింది. దాంతో రాంచోల (పెద్ద పశువుల క్షేత్రాల) వారసులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు, లాయర్ల ఫీజులకే భూములమ్ముకున్నవాళ్లున్నారు. కొత్త నేలల్లో బానిసత్వం ఉండాలా వద్దా అన్న గొడవ మాత్రం అమెరికానే రెండుగా చీల్చింది. 1861లో అంతర్యుద్ధం.

ఇక సరిహద్దుగా రాసుకున్న రియో గ్రాండే నది ఉన్నచోట ఉండలేదు. టెక్సస్‌లోని ఎల్ పాసో దగ్గర అది వరదలకు దక్షిణానికి జరిగి, చమిసాల్ అనే మెక్సికో భూమిని అమెరికా ఒడ్డుకు చేర్చింది. 1911లో మధ్యవర్తులు చాలా భాగం మెక్సికోదే అని తీర్పిస్తే అమెరికా ఒప్పుకోలేదు. 1963లో ఒప్పందం కుదిరి, ఎల్ పాసోలో 5 వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. మెక్సికోకు నికరంగా 437 ఎకరాలు దక్కాయి. ఆ తర్వాత రియో గ్రాండే మళ్లీ దారి మార్చకుండా అక్కడ కాంక్రీటు కాలువ కట్టారు.