మిస్త్రాస్ కోట: లియోనిడాస్‌కి సంబంధం లేదు, మోకాళ్లకి కొంచెం ఉంది

"సార్, లియోనిడాస్ ఈ గేటులోంచేనా యుద్ధానికి వెళ్లింది?" గ్రీస్‌కి మనవాళ్ల గ్రూపుల్ని తీసుకెళ్లిన ప్రతిసారీ స్పార్టా పక్కనున్న మిస్త్రాస్ దగ్గర ఎవరో ఒకరు ఇది అడుగుతారు.

కాదండీ. స్పార్టా రాజు లియోనిడాస్ చనిపోయింది క్రీ.పూ. 480లో. ఈ కొండ మీద కోట లేచింది క్రీ.శ. 1249లో. మధ్యలో పదిహేడు వందల ఏళ్లు! అసలు లియోనిడాస్ నాటి స్పార్టాకి ప్రాకారమే లేదు. ఈ కోట కట్టించింది ఫ్రాంకుల (పడమటి యూరప్ నుంచి వచ్చి ఇక్కడ పాగా వేసినవాళ్ల) దొర రెండో విలియం. 1259లో పెలగోనియా యుద్ధంలో బైజాంటైన్లకి, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్లకి, బందీగా చిక్కి, విడుదల కోసం దీన్నీ మొనెంవాసియా కోటనీ వదులుకున్నాడు. ఆ తర్వాతే కొండవాలంతా ఊరు పెరిగింది. 1349 నుంచి బైజాంటైన్ చక్రవర్తి కొడుకులో, తమ్ముళ్లో ఇక్కడ కూర్చుని మోరియాని (దక్షిణ గ్రీస్‌లోని పెలొపొన్నీస్ ప్రాంతాన్ని) ఏలారు.

ఈ అపోహ వల్ల నష్టం ఏమిటంటే, లియోనిడాస్ మీద తీసిన "300" సినిమా చూసి వచ్చినవాళ్లు రోజంతా స్పార్టాకి పెట్టుకుంటారు. అక్కడ మిగిలింది ఆలివ్ చెట్ల మధ్య కొన్ని పునాదులు, ఒక రోమన్ నాటి థియేటర్. మిస్త్రాస్‌కి గంట మిగులుతుంది. కొండరాతికి ఆనించి కట్టిన పెరివ్లెప్టోస్ చర్చిలో గోడలనిండా 14వ శతాబ్దపు చిత్రాలు. చీకట్లో కళ్లు అలవాటు పడేలోపే బస్సు హారన్ కొడుతుంది.

"తుర్కులు ఒక్క రోజులో నేలమట్టం చేశారు" అనేది ఇంకోటి. 1460లో ఊరు లొంగిపోయింది, అంతే. జనం ఉన్నారు. 1770లో తుర్కుల మీద గ్రీకుల తిరుగుబాటు తర్వాత దోపిడీ జరిగింది, 1825లో ఇబ్రహీం పాషా తగలబెట్టాడు. 1834లో కింద కొత్త స్పార్టా పట్టణం మొదలయ్యాక మెల్లిగా ఖాళీ అయింది. పంటానాస్సా మఠంలో సన్యాసినులు ఇప్పటికీ ఉంటున్నారు.

పెద్ద చర్చి నేల మీద రెండు తలల గద్ద రాయి చూపించి "చివరి చక్రవర్తి ఇక్కడే నిలబడ్డాడు" అంటారు. చివరి బైజాంటైన్ చక్రవర్తి 11వ కాన్‌స్టాంటైన్ 1449 జనవరి 6న మిస్త్రాస్‌లో చక్రవర్తి అయిన మాట నిజం. సరిగ్గా ఆ రాయి మీదే అన్నది మాత్రం వాట్సాప్ చరిత్ర.

ఇక "పెద్దవాళ్లు ఎక్కలేరు" అనే టెన్షన్. భయం సహజమే, దారంతా నునుపుదేలిన రాళ్లు. కానీ గేట్లు రెండున్నాయి. మోకాళ్ల నొప్పని బస్సులోనే ఉండిపోతానన్న ఒక పిన్నిగారిని పై గేటు దగ్గర దింపి, మెల్లగా కిందికి నడిపించాం. పంటానాస్సా వరండాలో కూర్చుని యూరోటస్ లోయ చూస్తూ ఆవిడ లేవనంటే లేవనన్నారు. శిఖరం మీది కోట వదిలేసినా ఫర్వాలేదు. పట్టున్న బూట్లు వేసుకోండి, నీళ్లు పట్టుకోండి, బస్సుని కింది గేటుకి రమ్మని డ్రైవర్‌కి ముందే చెప్పండి.