ఊరి పుట్టినరోజు ఎవరు చెయ్యాలి?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఒక నగరానికి ఇన్నేళ్ళు నిండాయని ఉత్సవాలు ప్రకటించగానే బళ్ళో మీకు వ్యాసరచన పోటీ పెడతారు. మీరు నాలుగు తేదీలు, ఇద్దరు రాజుల పేర్లు బట్టీ పట్టి రాసేస్తారు. సాయంత్రం ఒక సభ, ఉపన్యాసాలు, ఫొటోలు. మర్నాటికి బ్యానర్లు దించేస్తారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఊరంతా చేసుకోవలసిన పండగ నలుగురు చేసుకుంటే ఎలా? మీరైనా ఇంకోలా చేస్తారేమోనన్న ఆశతో రాస్తున్నాను.

ముందు అసలు ఊరికి పుట్టినరోజేమిటో చూద్దాం. మీరెప్పుడు పుట్టారో చెప్పడానికి కాగితం ఉంది, చూసినవాళ్ళున్నారు. ఊళ్ళకు ఆ సౌకర్యం లేదు. రోమ్ నగరం ఏప్రిల్ 21న పుట్టినరోజు చేసుకుంటుంది. క్రీ.పూ. 753లో రోములస్ దానికి పునాది వేశాడంటారు. ఆ సంవత్సరం ఎలా తేలిందయ్యా అంటే, ఏడు వందల ఏళ్ళ తర్వాత వర్రో అనే పండితుడు కూర్చుని లెక్క కట్టాడు. రోములస్ అనేవాడు నిజంగా ఉన్నాడని గట్టిగా చెప్పేవాళ్ళు ఇవాళ తక్కువ. అయినా ఆ రోజున జనం పాత రోమన్ల వేషాలు కట్టి హాయిగా ఊరేగుతారు.

మద్రాసుది ఇంకో కథ. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రపు ఒడ్డున కాస్త నేల ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. అదే ఆ నగరం పుట్టినరోజు. రాతల్లో జులై 22 అని కూడా కనిపిస్తుంది. అయితే బేరమాడిన కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే అప్పటికింకా అక్కడికి చేరనే లేదు కాబట్టి ఆగస్టే సరైనదని చరిత్రకారులు సర్దుబాటు చేశారు. ఆ నేల చేతులు మారడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే ట్రిప్లికేన్‌లో పార్థసారథి గుడి ఉంది, మైలాపూరు ఉంది. వాటి పుట్టినరోజు ఎవరు చేస్తారు?

కలకత్తాలో ఈ ప్రశ్న ఏకంగా కోర్టుకెక్కింది. 1690 ఆగస్టు 24న జోబ్ చార్నాక్ అనే కంపెనీ ఉద్యోగి వచ్చి దిగిన రోజునే ఆ నగరం పుట్టిందని పుస్తకాలు చెబుతూ వచ్చాయి. 2003లో అక్కడి హైకోర్టు ఆయన స్థాపకుడు కాదని, ఆ తేదీ నగరానికి పుట్టినరోజు కాదని తేల్చింది. పుట్టినరోజును కోర్టు కొట్టేసిందని ఆ నగరం ఏమీ చిన్నబోలేదు.

ఇదంతా చెప్పింది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. తేదీ ఒక వంక మాత్రమే, అందరూ ఒకచోట చేరడానికి పనికొచ్చే మంచి వంక. అలా చేరినప్పుడు ఎవరి గురించి మాట్లాడుకుంటారన్నదే నాకు ముఖ్యం. సింగపూర్ సంగతి చూడండి. 1819లో ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫిల్స్ వచ్చినప్పటినుంచి లెక్కేసి, 2019లో అక్కడ రెండు వందల ఏళ్ళ గుర్తుగా కార్యక్రమాలు చేశారు. నది ఒడ్డున ఆయన తెల్లటి విగ్రహం ఒకటుంది. సరిగ్గా ఉత్సవాలకు ముందు ఒక చిత్రకారుడి చేత దానికి రంగులు వేయించారు. ఎలాగంటే, ఒక చోట నిలబడి చూస్తే విగ్రహం వెనకాల ఉన్న పెద్ద భవనంలో కలిసిపోయి, అసలు లేనట్టే అనిపిస్తుంది! ఆయన లేకపోతే ఈ ఊరు ఎలా ఉండేదో ఆలోచించండి అన్నమాట. కొద్దిరోజులకే ఆ రంగు తీసేసి, పక్కన మరో నలుగురి విగ్రహాలు పెట్టారు. ఇప్పటి ఇండోనేషియాలోని పాలెంబాంగ్ నుంచి వచ్చాడని పాత కథలు చెప్పే రాకుమారుడు సాంగ్ నీల ఉత్తమ, రాఫిల్స్ దగ్గర పనిచేసిన రచయిత మున్షీ అబ్దుల్లా, వ్యాపారం చేసి దానధర్మాలు చేసిన టాన్ టాక్ సెంగ్, అక్కడ ఇటుక బట్టీలు పెట్టిన నారాయణ పిళ్ళై. ఉపన్యాసం ఒక్కటీ లేకుండా, ఊరు కట్టింది ఒక్కడు కాదని అందరికీ అర్థమైపోయింది. నాకు మాత్రం ఒక లోటు కనిపిస్తుంది. ఆ బట్టీల్లో ఇటుకలు మోసినవాళ్ళ విగ్రహం అక్కడ లేదు. వాళ్ళ మాట మనకు విగ్రహాల్లో దొరకదు, ఇళ్ళల్లో దొరుకుతుంది.

మళ్ళీ మద్రాసుకొస్తాను. 2004లో చరిత్రకారుడు ఎస్. ముత్తయ్యగారూ మరికొందరూ కలిసి అక్కడ మద్రాసు డే మొదలుపెట్టారు. అది సర్కారు పండగ కాదు. ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. ఒకరు జనాన్ని వెంటబెట్టుకుని పాత వీధులు చూపించారు, ఒకరు ఫొటోలు ప్రదర్శించారు, ఒకరు క్విజ్ పెట్టారు, ఇంకొకరు ప్రసంగం ఏర్పాటు చేశారు. ఒక్క రోజు కాస్తా వారమై, ఇంకా పొడుగు సాగింది. నాకు నచ్చింది ఈ పద్ధతే. వేదిక ఒక్కటే అయితే ఎక్కేవాళ్ళు కొందరే ఉంటారు.

పండక్కి ఊరి బొమ్మలు కూడా వేద్దామంటే, "మాకు గీయడం రాదు" అని మీలో సగంమంది వెనక్కి తగ్గుతారని తెలుసు. అమెరికాలో ఫిలడెల్ఫియా అనే నగరం ఉంది. 1984 నుంచి అక్కడ గోడల మీద బొమ్మలు వేయించే పెద్ద కార్యక్రమం నడుస్తోంది. మొదట్లో అది గోడల మీద పిచ్చి రాతలు ఆపడానికి పెట్టింది. రాసే కుర్రాళ్ళనే పిలిచి చేతికి బ్రష్షు ఇచ్చారు. ఇప్పుడు ఆ ఊళ్ళో వేలకొద్దీ బొమ్మలున్నాయి. వాళ్ళు చేసే పని చూడండి. ముందు ఆ వీధివాళ్ళతో కూర్చుని గోడ మీద ఏముండాలో మాట్లాడతారు. చిత్రకారుడు బొమ్మ గీశాక దాన్ని గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడినీ పల్చటి గుడ్డ ముక్క మీదకు గీతలుగా ఎక్కించి, ఎక్కడ ఏ రంగో అంకెలు వేస్తారు. మూడో నంబరున్న చోట మూడో రంగు నింపడమే మీ పని. పసిపిల్లలు, ముసలివాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు కూడా కూర్చున్నచోటే వేస్తారు. అన్నీ ఆరాక గోడకు అంటిస్తారు. మెట్లెక్కలేని అవ్వ వేసిన గడి మూడంతస్తుల ఎత్తున ఉంటుంది. మీరు కూడా గోడ కోసం చూడక్కర్లేదు, గుడ్డ ముక్కలతో మొదలుపెట్టండి. ఒక్క మాట, చివర్లో వంకర గీతలు దిద్దుతానని పెద్దవాళ్ళెవరైనా వస్తే వద్దనండి.

బొమ్మలో ఏముండాలో తెలియాలంటే కథలు కావాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి "ఆ రోజుల గురించి చెప్పండి" అన్నారనుకోండి, "ఏముంది నాయనా, అప్పట్లో అంతా బాగుండేది" అంటారు. అక్కడితో కథ సమాప్తం. చిన్న చిన్నవి అడగాలి. ఈ వీధికి మొదటిసారి ఎలా వచ్చారు? చేతిలో ఏముంది? నీళ్ళెక్కణ్ణించి తెచ్చుకునేవారు? రాత్రి ఏ చప్పుడుకి మెలకువ వచ్చేది? పొద్దున్నే ఈ వీధిలో ముందుగా లేచేదెవరు? నీళ్ళ సంగతి అడిగితే పంపు దగ్గర జరిగిన గొడవ వస్తుంది, గొడవలోంచి పక్కింటామె వస్తుంది, ఆమె వెనకాలే నలభై ఏళ్ళ స్నేహం వస్తుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టే.

మధ్యలో వాళ్ళు ఆగిపోతే కంగారు పడి ఇంకో ప్రశ్న వెయ్యకండి. మొదట్లో ఆ నిశ్శబ్దం టెన్షన్‌గానే ఉంటుంది, ఓర్చుకోండి. చాలాసార్లు అసలు మాట దాని తర్వాతే వస్తుంది. ఎంతసేపంటారా? అమెరికాలో 2003లో న్యూయార్క్ రైల్వేస్టేషన్‌లో ఒక చిన్న గది కట్టి, తెలిసినవాళ్ళిద్దరిద్దరిని కూర్చోబెట్టి మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. దాని పేరు స్టోరీకార్ప్స్. ఒక్కో జంటకు నలభై నిమిషాలు ఇచ్చారు. మీకూ అంతే చాలు, పెద్దవాళ్ళు అలిసిపోతారు.

ఇద్దరు ఒకే సంగతిని రెండు రకాలుగా చెబుతారు. వరద వచ్చిన ఏడు ఒకరికొకటి, ఇంకొకరికొకటి. ఎవరిది అబద్ధమని తగువు పెట్టుకోకండి. తేదీ కావాలంటే పాత పత్రికల్లో వెతకండి. ఆ రాత్రి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ముందు ఏం చేతికి తీసుకున్నారో పత్రికలో ఉండదు, అందుకు మాత్రం ఇద్దరి మాటా రాసుకోండి.

ఇంకో సంగతి. అందరి కథలూ పండక్కి సరిపడేలా ఉండవు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇల్లు పోయినవాళ్ళుంటారు, మిల్లు మూతపడి పని పోయినవాళ్ళుంటారు, నిన్నగాక మొన్న పని వెతుక్కుంటూ వచ్చి ఇంకా భాష కూడా పట్టుబడనివాళ్ళుంటారు. "శుభమా అని ఉత్సవం చేసుకుంటుంటే ఇవెందుకు?" అని నిర్వాహకులు మెల్లిగా పక్కన పెట్టిస్తారు. మీరు పెట్టనివ్వకండి. ఊరు పెరగడానికి వాళ్ళు చోటు ఖాళీ చేసి ఇచ్చారు. ఆ కథలు లేని ప్రదర్శన నా దృష్టిలో పెళ్ళి శుభలేఖలాంటిది, అందులో అన్నీ మంచి మాటలే ఉంటాయి. కాకపోతే వాళ్ళు ఇష్టపడితేనే. ఒకసారి ఒప్పుకుని తర్వాత వద్దన్నా సరే, తీసేయాల్సిందే. పేరు వద్దంటే పేరు రాయకండి.

కథల్ని నాటకంగా వేస్తామంటే సంతోషమే. కానీ చెప్పినావిడ వచ్చి తనే చదువుతానంటే మాత్రం మీలో ఎంత గొప్ప నటి ఉన్నా పక్కకు తప్పుకోవాలి. ఆవిడ తడబడితే తడబడనివ్వండి, జనం మరింత శ్రద్ధగా వింటారు. వేదిక భయమైనవాళ్ళ కోసం నేల మీద పెద్ద గుడ్డ పరిచి ఊరి మ్యాపు గీయండి. వచ్చినవాళ్ళు తమ చోటు వెతుక్కుని అక్కడ ఒక మాట రాస్తారు. ఇప్పుడు లేని సినిమాహాలు ఎక్కడుండేదన్న దాని మీద వాదనలు ఎలాగూ జరుగుతాయి. జరగనివ్వండి, ఆ పక్కనే రికార్డరు పెట్టుకుని కూర్చోండి.

రికార్డు చేసిన ప్రతిదానికీ ఆ రోజే పేరు పెట్టండి. ఎవరు, ఎక్కడ, ఏ తేదీ. లేకపోతే ఆరు నెలలకు మీకే అర్థం కాదు. ఫోన్లో ఉన్నది ఫోన్‌తోనే పోతుంది కనుక ఇంకో రెండు చోట్ల దాచండి, ఒకటి గ్రంథాలయంలో అయితే మంచిది. అన్నిటికన్నా ముందు ఒక కాపీ చెప్పినవాళ్ళ ఇంటికి చేరాలి. వాళ్ళ మనవలకు అది ఎలా పెట్టి వినాలో కూడా చూపించి రండి. వెళ్ళేముందు ఛార్జింగ్ ఎంతుందో చూసుకోండి.

మీ పెద్దమ్మ